క్యాసెట్ క్యాప్చర్‌లో తప్పిపోయే ఫ్రేములు: తప్పు కంప్యూటర్‌దా, టేపుదా?

ఇంట్లో దాచుకున్న పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు (దీన్నే క్యాప్చర్ అంటారు) బొమ్మ ఆగి ఆగి గెంతుతుంటే, చాలామంది వెంటనే కొత్త కంప్యూటర్ కొనే ఆలోచనలో పడతారు. అంతకంటే ముందు, ఫ్రేములు, అంటే వీడియోలోని విడివిడి బొమ్మలు, కంప్యూటర్‌లో తప్పిపోతున్నాయా, లేక టేపు నుంచి వచ్చే సిగ్నలే సక్రమంగా లేదా అన్నది తేల్చుకోవాలి. తెరమీద రెండూ ఒకేలా కనిపించినా, ఒకదానికి పనికొచ్చే పరిష్కారం రెండోదానికి పనికిరాదు.

మన దేశంలో రికార్డయిన వీహెచ్ఎస్ క్యాసెట్లు సాధారణంగా పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతిలోవి. సెకనుకు 25 చొప్పున గంటకు 90,000 ఫ్రేములు రావాలి. వర్చువల్‌డబ్ ప్రోగ్రాము క్యాప్చర్ జరుగుతున్నంతసేపూ తప్పిపోయిన ఫ్రేములను, ఖాళీని పూడ్చడానికి తానే చొప్పించిన ఫ్రేములను వేరువేరుగా లెక్కకట్టి చూపిస్తుంది. క్యాసెట్‌లో ఒక పది నిమిషాల భాగాన్ని ఎంచుకుని రెండుసార్లు ఎక్కించి, ఆ అంకెలు ఏ ఘట్టంలో పెరిగాయో రాసుకోండి. రెండుసార్లూ అదే చోట పెరిగితే తప్పు టేపుది. చోటు మారుతూ ఉంటే అనుమానం కంప్యూటర్ మీదికి వెళుతుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే, క్యాసెట్ ఆడించే వీసీఆర్ స్థానంలో డీవీడీ ప్లేయర్‌ను అదే తీగలతో, సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే అదే క్యాప్చర్ పరికరానికి కలిపి చూడాలి. స్థిరమైన ఆ సిగ్నల్‌కు కూడా ఫ్రేములు తప్పిపోతుంటే టేపును నిందించనవసరం లేదు.

తప్పు కంప్యూటర్‌దని తేలితే మొదట చూడవలసింది డిస్కును. 720×576 కొలతలో, వైయూవై2 అనే కుదించని రూపంలో వీడియో సెకనుకు దాదాపు 21 మెగాబైట్లు, అంటే గంటకు 75 గిగాబైట్ల దాకా ఉంటుంది. ఈ ప్రవాహం ఒక్క క్షణం కూడా ఆగదు కాబట్టి, నిండబోతున్న డిస్కు గానీ, విండోస్ కూడా ఉన్న పాత హార్డ్‌డిస్కు గానీ మధ్యలో తడబడుతుంది. విడిగా మరొక డిస్కును, అదీ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసినదాన్ని వాడటం మంచిది. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటదు. హఫ్‌వైయూవీ వంటి నష్టంలేని కోడెక్‌ను (వీడియోను కుదించే ప్రోగ్రామును) పెడితే నాణ్యత తగ్గకుండానే పరిమాణం సగానికి అటూఇటూగా వస్తుంది, ప్రాసెసర్‌పై భారమూ స్వల్పమే. క్యాప్చర్ సమయంలోనే ఎంపీ4గా కుదించాలన్న ఆశ మాత్రం పాత కంప్యూటర్ల మీద పెట్టుకోకూడదు. ఆ పని తర్వాత తీరికగా చేసుకోవచ్చు.

క్యాప్చర్ పరికరాన్ని హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుకే తగిలించాలి. ఫైలు రాసే బయటి డిస్కు కూడా అదే హబ్‌లో ఉంటే రెండూ ఒకే దారిలో పోటీపడతాయి. విండోస్ పవర్ సెట్టింగ్‌లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను (వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటును) ఆపి, యాంటీవైరస్ ఆ ఫోల్డర్‌ను తనిఖీ చేయకుండా మినహాయించి, వైఫైని, అప్‌డేట్లను కాసేపు పక్కన పెట్టండి. తెరమీద ప్రివ్యూను ఆపడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, బలహీనమైన ల్యాప్‌టాప్‌లలో దానితోనే సమస్య తీరిపోవచ్చు.

పాల్ క్యాసెట్‌కు ఫ్రేము రేటు 29.97గా పెట్టి ఉంటే లెక్క ఎప్పటికీ కుదరదు. దాన్ని 25కు మార్చాలి. అమెరికాలో ఉన్న బంధువులు అక్కడ తీసి పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి పద్ధతిలోవి కాబట్టి వాటికి 29.97 సరైనదే. అయితే ఇక్కడి బహుళ పద్ధతుల వీసీఆర్‌లలో కొన్ని ఆ క్యాసెట్లను టీవీ కోసం పాల్-60 అనే మిశ్రమ సిగ్నల్‌గా మార్చి పంపుతాయి. టీవీ దాన్ని చూపించినా, చాలా క్యాప్చర్ పరికరాలు అర్థం చేసుకోలేవు. అసలైన ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్‌ను ఇచ్చే వీసీఆర్‌ను వెతకడమే దానికి మార్గం.

తప్పిపోయిన, చొప్పించిన ఫ్రేముల అంకెలు ఒక్కొక్కటిగా, దాదాపు సమాన వ్యవధుల్లో పెరుగుతుంటే టేపూ డిస్కూ రెండూ నిర్దోషులే కావచ్చు. శబ్దాన్ని సౌండ్‌కార్డు ద్వారా, బొమ్మను క్యాప్చర్ పరికరం ద్వారా తీసుకుంటే ఆ రెండింటి గడియారాలు రవ్వంత తేడాతో నడుస్తాయి. పదివేలలో ఒకవంతు తేడా ఉన్నా గంటకు 9 ఫ్రేములు పోవాలి లేదా చేరాలి. రెండింటినీ ఒకే పరికరం ద్వారా తీసుకుంటే ఈ తేడా చాలావరకు పోతుంది.

ఇక టేపు విషయం. తేమ ఎక్కువగా ఉండే మన కోస్తా ఇళ్లలో క్యాసెట్ రీలు అంచుల్లో తెల్లగా బూజు పడుతుంది. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెడితే టేపును చదివే హెడ్లు మూసుకుపోవడమే కాక, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ బూజు అంటుతుంది. కాబట్టి శుభ్రం చేయించకుండా నడపకూడదు. బాగున్న టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టి, ట్రాకింగ్‌ను (హెడ్లు టేపు మీది జాడను సరిగ్గా పట్టేలా చేసే సర్దుబాటును) సరిచేసి, అప్పుడు క్యాప్చర్ మొదలుపెట్టాలి. రికార్డింగుల మధ్య ఖాళీ టేపు నడిచే చోట సింక్ సంకేతం (ఒక్కో ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో చెప్పేది) ఉండదు కనుక అక్కడ పెరిగే అంకెను పట్టించుకోనవసరం లేదు.

అరిగిన టేపు నుంచి వచ్చే సింక్ సంకేతం వణుకుతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. క్యాప్చర్ పరికరం దాన్ని ఫ్రేముగా గుర్తించక వదిలేస్తుంది. దీనికి ఆ సంకేతపు వేళలను సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం కావాలి. కొన్ని ఖరీదైన ఎస్-వీహెచ్ఎస్ వీసీఆర్‌లలో ఉండే లైన్ కరెక్టర్ వంకరపోయిన గీతలను నిటారు చేస్తుంది గానీ, తప్పిపోయే ఫ్రేములను ఆపాలంటే బొమ్మ మొత్తాన్ని నిల్వచేసుకుని కొత్త సంకేతంతో పంపే ఫ్రేమ్ కరెక్టర్ అవసరం. అది దొరకనివారు వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్య పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 లేదా ఈఎస్15 డీవీడీ రికార్డర్‌ను పెట్టి, రికార్డు చేయకుండా సిగ్నల్‌ను దాని గుండా పోనిస్తారు. బొమ్మ కాస్త మెత్తబడుతుంది. చెడిన టేపుకు ఆ నష్టం భరించదగ్గదే, మంచి టేపుకు అనవసరం.

ఇంత చేసినా ముఖ్యమైన ఘట్టంలో, ఉదాహరణకు తలంబ్రాల దగ్గర, ఒకటి రెండు ఫ్రేములు పోతే మళ్లీ క్యాసెట్ అంతా ఎక్కించనవసరం లేదు. ఆ భాగాన్ని మాత్రమే మరో రెండుసార్లు తీసి, ఫ్రేములు నిలిచిన ముక్కను ఎడిటింగ్‌లో పాతదాని స్థానంలో అతికించి, అతుకు దాటిన తర్వాత మాట పెదవులతో కలుస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.