పెరటి చాటుకు సతతహరిత చెట్లు: ఎంత ఎడం వదలాలి?

అమెరికాలో కొత్తగా సొంత ఇంట్లో చేరినవారిలో చాలామందికి పెరడంతా పొరుగువారి కిటికీలకు బట్టబయలుగా ఉండటం ఇబ్బందిగా తోస్తుంది. ఏడాది పొడవునా ఆకు నిలిచే చెట్లతో పచ్చని దడి పెంచుకోవడం దీనికి మంచి ఉపాయమే. అయితే ఎడాన్ని నిర్ణయించాల్సింది నర్సరీ కుండీలో కనిపించే మొక్కను బట్టి కాదు, అది పూర్తిగా ఎదిగాక ఆక్రమించే వెడల్పును బట్టి.

ఎడాన్ని ఒక కాండం నుంచి మరో కాండానికి కొలవాలి గాని, కొమ్మల అంచుల మధ్య కాదు. దడులకు వాడే సతతహరిత చెట్టు ఆర్బర్‌వైటీలో ఎమరాల్డ్ గ్రీన్ రకం 3, 4 అడుగుల వెడల్పు దగ్గరే ఆగుతుంది కనుక దానికి 3 అడుగుల ఎడం చాలు. గ్రీన్ జెయింట్ రకం 12 అడుగులకు పైగా విస్తరించి, 50 అడుగుల ఎత్తు దాటగలదు. దడి త్వరగా కమ్ముకోవాలని దాన్ని 5, 6 అడుగులకొకటి చొప్పున నాటడం మామూలే గాని, ఓపిక ఉన్నవారు 8 అడుగులు వదలడమే మేలని నా అభిప్రాయం. ఆ లెక్కన 60 అడుగుల కంచె వెంట మొదటి రకం 20 మొక్కలు పడితే, రెండోది 8 సరిపోతాయి. చిన్న పెరట్లో మాత్రం గ్రీన్ జెయింట్ వద్దు.

మొదట్లో కనిపించే సందులకు కంగారుపడి మొక్కలను కిక్కిరిసేలా నాటితే, వాటి మధ్య గాలీ వెలుతురూ ఆడక లోపలి ఆకు ఎండిపోతుంది. ఆర్బర్‌వైటీలో ఆకు రాలిన పాత కొమ్మ మళ్లీ చిగురించడం చాలా అరుదు కాబట్టి ఆ బోడితనం అలాగే ఉండిపోతుంది. సందులు తొందరగా మూసుకోవాలంటే, స్థలం ఉన్నచోట రెండు వరుసల్లో ఎదురెదురుగా కాకుండా ఒకదాని సందుకు ఎదురుగా మరొకటి వచ్చేలా నాటుకోవచ్చు. రెండు మూడు జాతులు కలిపితే ఒకదానికి తెగులు సోకినా దడి మొత్తం పోదు.

కంచెకు మరీ ఆనించకుండా, ఎదిగిన వెడల్పులో కనీసం సగం దూరం లోపలికి జరగాలి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే అనుమతి ముందే తీసుకోవాలి. తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811కు ఫోన్ చేస్తే, భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిస్తారు. ఆ గుర్తులను బట్టి వరుసను జరపాల్సి రావచ్చు గనుక మొక్కలు కొనడం ఆ తర్వాతే. జింకలు తిరిగే ప్రాంతంలో ఎమరాల్డ్ గ్రీన్‌ను అవి ఇష్టంగా మేస్తాయి, కాబట్టి అక్కడ వేరే రకం చూసుకోవడం మంచిది.