ఐసోటోపు పరీక్షకు వాన నీరు, బోరు నీరు పట్టే పద్ధతి

నీటిలోని ప్రతి వెయ్యి ఆక్సిజన్ పరమాణువుల్లో ఇంచుమించు రెండు బరువైనవి. వాటినే ఆక్సిజన్-18 అంటాం. హైడ్రోజన్‌లో బరువైనది డ్యుటీరియం. సముద్రపు నీటిలో అది పది లక్షలకు 156 దాకా ఉంటుంది. మేఘం ఎక్కడి ఆవిరితో కట్టింది, దారిలో ఎంత కురిసింది, నేల మీద పడ్డ నీరు ఎంత ఆవిరైంది అన్నదాన్ని బట్టి ఈ పాళ్లు కొద్దికొద్దిగా మారతాయి. వాటిని కొలిస్తే వాన ఎలాంటిదో, బోరులోకి చెరువు నీరు ఎంత దిగుతోందో చెప్పవచ్చు. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులంటారు. ఇవి స్థిర ఐసోటోపులు, కాలం గడిచినా తరగవు. మూత గట్టిగా ఉన్న సీసాను ఏడాది తర్వాత కొలిచినా అదే విలువ వస్తుంది.

మూత వదులైతే మాత్రం లెక్క తప్పుతుంది. ఆవిరయ్యేటప్పుడు తేలిక అణువులు ముందు పోతాయి, మిగిలిన నీరు బరువెక్కుతుంది. సీసాలోంచి పోయిన ఆవిరినీ చెరువులోంచి పోయిన ఆవిరినీ ఏ యంత్రమూ విడదీసి చూపలేదు. నమూనా పట్టేటప్పుడు చేసే జాగ్రత్తే ఈ పనిలో ముఖ్యం. ప్రయోగశాల దాని తర్వాతే.

వాన పట్టే క్యాన్

కావలసినవి: గట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌తో చేసిన 3 లీటర్ల క్యాన్, నోరు 10 సెం.మీ. ఉన్న గరాటు, గరాటు కాడకు బిగుతుగా పట్టే గొట్టం, గాలి పోవడానికి కొన్ని మీటర్ల సన్న గొట్టం, సిలికాన్ సీలెంట్.

గరాటు గొట్టం క్యాన్ అడుగును దాదాపు తాకేలా దించండి. కాస్త నీరు చేరగానే గొట్టం కొస మునిగిపోతుంది. ఆ తర్వాత బయటి గాలికి తగిలేది గొట్టం వెడల్పు మేర నీరు మాత్రమే. క్యాన్‌ను కొంచెం వాల్చి, గొట్టం కొస పల్లం వైపు ఉండేలా పెడితే చిన్న వానకే మునుగుతుంది. తొందరగా మునగాలని ముందే నీళ్లు పోయకండి, నమూనా మొత్తం చెడుతుంది. మూతకు ఇంకో రంధ్రం చేసి సన్న గొట్టం దూర్చి, మిగతా పొడవు చుట్టగా చుట్టి క్యాన్‌కు కట్టండి. నీరు దిగాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. ఈ గొట్టం లేకపోతే జడివానలో గరాటు పొంగిపోతుంది. పొట్టిగా ఉంటే అందులోంచే ఆవిరి పోతుంది. రంధ్రాల చుట్టూ సిలికాన్ పూసి ఒక రోజంతా ఆరనివ్వండి.

పాత పద్ధతిలో నీటి మీద అర సెంటీమీటరు మందాన పారఫిన్ నూనె పోసేవారు. ఆవిరి ఆగుతుంది, నిజమే. కానీ లేజరుతో కొలిచే యంత్రాల్లోకి నూనె జాడ వెళ్లినా విలువలు తప్పుతాయి. గొట్టం పద్ధతి ఉండగా నూనె జోలికి పోనక్కర్లేదు.

గరాటు, క్యాన్ కొలతలు మీ ఊరి వానకు సరిపోవాలి. 10 సెం.మీ. గరాటు విస్తీర్ణం 78.5 చదరపు సెం.మీ. కాబట్టి ఒక మి.మీ. వానకు 7.85 మి.లీ. చేరుతుంది, 380 మి.మీ.కు 3 లీటర్లూ నిండుతాయి. రాయలసీమలో చాలా నెలలకు ఇది చాలు. ములుగు వైపు చాలదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మి.మీ. కురిసింది. ఈ గరాటుకు అది 5.1 లీటర్లు. క్యాన్ పొంగితే మిగిలింది ఆ నెల వాన మొత్తానికి ప్రతినిధి కాదు. అలాంటి చోట 10 లీటర్ల క్యాన్ పెట్టండి, లేదా వారానికోసారి ఖాళీ చేయండి.

చెట్లకు, గోడలకు దూరంగా డాబా మీద, చిందిన నీరు గరాటులో పడనంత ఎత్తున అమర్చండి. క్యాన్‌ను థర్మాకోల్ పెట్టెలో పెట్టి పైన తెల్ల రంగు వేస్తే ఎండ వేడి తగ్గుతుంది. ఆకులు పడకుండా గరాటులో నైలాన్ జాలీ చాలు.

వానలు మొదలుకాకముందే, మే ఎండల్లో ఒక పరీక్ష చేయండి. క్యాన్‌లో 500 గ్రాముల నీరు పోసి, మొత్తం బరువు తూచి, నెల రోజులు డాబా మీద ఉంచి మళ్లీ తూచండి. తరుగు 5 గ్రాముల లోపు ఉంటే సరే. ఒక శాతం ఆవిరైతే ఆక్సిజన్-18 విలువ సుమారు వెయ్యికి 0.1 మారుతుంది, అది యంత్రం ఖచ్చితత్వానికి దగ్గర. పది శాతం పోతే తేడా వెయ్యికి ఒకటి దాటవచ్చు. అప్పుడు ఆ నమూనాతో రుతుపవనాల గురించి ఏమీ చెప్పలేం.

పక్కనే మామూలు వర్షమాపకం కూడా ఉండాలి. వాతావరణ శాఖ లాగే ఉదయం 8:30కి చదవండి. నెలలో 120 మి.మీ. నమోదైతే క్యాన్‌లో 942 మి.లీ. దొరకాలి. 850 మాత్రమే దొరికితే ఎక్కడో పొంగింది, కారింది లేదా ఆవిరైంది. కారణం తేలేదాకా ఆ నమూనాను అనుమానంగానే చూడండి.

సీసా నింపడం

30 నుంచి 60 మి.లీ. పట్టే మందపాటి హెచ్‌డీపీఈ లేదా గాజు సీసా తీసుకోండి. తాగునీటి సీసాల పల్చటి ప్లాస్టిక్ గుండా నెలల తరబడి ఆవిరి జారిపోతుంది. సీసా పొడిగా ఉండాలి, కుళాయి నీటితో కడిగి తడిగా వాడకూడదు. క్యాన్‌ను బాగా కలిపి, అదే నీటితో సీసాను తొలిపి, అంచుదాకా నింపి మూత బిగించండి. తలకిందులు చేసి చూడండి. గాలి బుడగ కనిపిస్తే మళ్లీ నింపండి. ఆమ్లం కలపనక్కర్లేదు, అది లోహాల పరీక్షకు చేసే పని. మూత చుట్టూ టేపు చుట్టి, వివరాలు సీసా ఒంటి మీదే రాయండి, మూతలు తారుమారవుతాయి. ఎండ తగలని చల్లని చోట ఉంచండి, ఫ్రీజర్‌లో పెడితే గాజు పగులుతుంది. క్యాన్‌ను ఖాళీ చేసి పూర్తిగా ఆరబెట్టాకే మళ్లీ పెట్టండి.

బోరు నీరు

సంపు నుంచీ ట్యాంకు నుంచీ నీరు పట్టకూడదు, అది అప్పటికే గాలికి కొంత ఆవిరై మిగిలిన నీరు. మోటారు నీరు బయటికొచ్చే గొట్టం దగ్గరే పట్టాలి, అదీ బోరులో నిలిచిన పాత నీరు పోయాకే. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు లోతుకు 21 లీటర్లకు పైగా నీరు ఉంటుంది. 60 మీటర్ల నీరు నిలిచి ఉంటే దాదాపు 1,280 లీటర్లు. దానికి మూడింతలు పోనివ్వడం పద్ధతి. 20 లీటర్ల బకెట్ 20 సెకన్లలో నిండితే గంటా అయిదు నిమిషాలు మోటారు ఆడాలి. నీరు మారిందో లేదో విద్యుత్ వాహకత మీటరు చెబుతుంది: అయిదు నిమిషాలకోసారి చూస్తే వరసగా మూడు కొలతలు దాదాపు ఒకటే రావాలి. ఈలోపే బోరు ఎండి మోటారు గాలి లాగితే ఆపేయండి. మళ్లీ ఊరిన నీరు కొత్తదే, దాన్ని పట్టండి.

ప్రయోగశాలలో

హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల), రూర్కీ జాతీయ జలవిజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఈ కొలతలు చేస్తారు. విలువలను అందరూ కొలమానంగా ఒప్పుకున్న వియన్నా ప్రమాణ సముద్రజలంతో పోల్చి, వెయ్యికి ఎంత తేడా అన్నది డెల్టాగా ఇస్తారు. మైనస్ అంటే ఆ ప్రమాణం కన్నా తేలిక, ప్లస్ అంటే బరువు. లేజరు యంత్రంలో ముందు నమూనా జాడ తర్వాతి దానిలోకి వస్తుంది. అందుకే ఒక్కో సీసా నుంచి ఆరేడు సార్లు ఎక్కించి మొదటి మూడు విలువలు వదిలేస్తారు. మీ వైపు నుంచి ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని రెండు సీసాల్లో నింపి, వేర్వేరు పేర్లతో పంపండి. ఆ రెండు విలువలు కలిస్తే మిగతావాటిని నమ్మవచ్చు.

విలువలు చదవడం

1961లో భూరసాయన శాస్త్రవేత్త హార్మన్ క్రెయిగ్ వాన నీటికి చూపిన గీత ఇప్పటికీ మొదటి కొలబద్ద: డ్యుటీరియం డెల్టా, ఆక్సిజన్-18 డెల్టాకు ఎనిమిది రెట్లు కూడిక పది. డ్యుటీరియం విలువలోంచి ఆక్సిజన్ విలువకు ఎనిమిది రెట్లు తీసేస్తే మిగిలేదే డ్యుటీరియం ఎక్సెస్. మామూలు వానకు ఇది పది దరిదాపుల్లో ఉంటుంది, కొంత ఆవిరై మిగిలిన నీటిలో పడిపోతుంది. పొడి గాలిలో పడ్డ 3 మి.మీ. తుంపరకు ఎక్సెస్ తగ్గితే ఆశ్చర్యం లేదు, చినుకు కింద పడుతూనే ఆవిరైంది. 80 మి.మీ. వానకు సున్నా కన్నా తక్కువ వస్తే ముందు మూత చూడండి.

నెలల సగటు తీసేటప్పుడు ఒక్కో విలువను ఆ నెల వానతో గుణించి, మొత్తాన్ని మొత్తం వానతో భాగించండి. 5 మి.మీ. నెలకూ 300 మి.మీ. నెలకూ సమాన బరువు ఇస్తే సగటుకు అర్థం ఉండదు. మన అక్షాంశాల్లో ఉష్ణోగ్రత కన్నా వాన పరిమాణం ప్రభావమే ఎక్కువ: భారీ వాన, ముఖ్యంగా వాయుగుండాల వాన, బరువైన పరమాణువులు తగ్గి తేలికగా ఉంటుంది. దక్షిణాదిలో ఈశాన్య రుతుపవనాల నీరు సాధారణంగా నైరుతి నీటికన్నా తేలిక. కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహలోని సున్నపు స్తంభాల పొరల నుంచి వేల ఏళ్ల నాటి రుతుపవనాలను చదవడానికి ఆధారం ఇలాంటి సంబంధాలే. నేటి వాన విలువ తెలియకపోతే ఆ పొరల విలువకు అర్థం చెప్పలేం.

చెరువు నీరు బోరులోకి ఎంత దిగుతోందో లెక్క కట్టడం తేలిక. ఉదాహరణకు ఆక్సిజన్ డెల్టా వానకు మైనస్ 5, చెరువుకు ప్లస్ 1, బోరుకు మైనస్ 3.5 అనుకుందాం. వానకూ బోరుకూ తేడా 1.5, వానకూ చెరువుకూ తేడా 6. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 0.25, అంటే బోరు నీటిలో పావువంతు చెరువుది. డ్యుటీరియంతోనూ ఇదే లెక్క చేసి చూడండి, రెండూ దగ్గరగా రావాలి. చెరువు నీరు వేసవి చివర పట్టిందైతే మామూలుకన్నా బరువుగా ఉండి చెరువు వాటాను తక్కువ చేసి చూపుతుంది. నీరు నిజంగా ఇంకే నెలల్లోని విలువే వాడాలి. వానకూ చెరువుకూ తేడా వెయ్యికి ఒకటి కూడా లేనప్పుడు ఈ లెక్క చేయకండి. కొలతలోని 0.1 పొరపాటే వాటాలో పది శాతానికి పైగా అవుతుంది.