డైనో ఎక్కించే ముందు ట్యాంకులో ఏముందో తేల్చుకోండి

"నిన్ననే ప్రీమియం కొట్టించానన్నా." ట్యూనింగ్ కోసం డైనో మీదికి (చక్రాలను రోలర్ల మీద తిప్పి ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) బండి ఎక్కించబోతుంటే నేను ఎక్కువగా వినే మాట ఇదే. సరే, కొట్టించకముందు ట్యాంకులో ఎంత మిగిలి ఉంది? 91 ఆక్టేన్ పెట్రోలు 20 లీటర్లున్న ట్యాంకులో 95 ఇంకో 20 లీటర్లు పోస్తే అయ్యేది దాదాపు 93. పంపు మీద రాసిన అంకె ఏ లెక్కదో కూడా చూడండి. కొన్ని దేశాల్లో ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబరు) రాస్తారు, కొన్నిచోట్ల ఆర్‌ఓఎన్, ఎంఓఎన్‌ల (మోటార్ ఆక్టేన్ నంబరు, ఇంకా కఠినమైన పరీక్షలో వచ్చేది) సగటు రాస్తారు. ఒకచోట 95 అనే పెట్రోలే ఇంకోచోట సుమారు 91 అవుతుంది.

ఆక్టేన్ ఎక్కువుంటే పవర్ దానంతటదే వచ్చేస్తుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒత్తిడి, వేడి పెరిగినా తనంతట తాను అంటుకోకుండా ఇంధనం ఎంతవరకు ఓర్చుకుంటుందో ఆ అంకె చెబుతుంది, అంతే. ఓర్చుకోలేకపోతే, స్పార్క్ నుంచి పాకుతున్న మంట ఇంకా చేరని మూలల్లో మిశ్రమం ఒక్కసారిగా భగ్గుమంటుంది. అదే నాకింగ్. పిస్టన్ మీద రింగుల మధ్య గట్లు విరిగేది, హెడ్ గాస్కెట్ పోయేది దీనివల్లే.

రోడ్డు మీద చప్పుడు చేయని బండి కూడా డైనో మీద నాక్ కావచ్చు. రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ కాసేపే. ఇక్కడ లోడు పెట్టి ఒకే ఆర్‌పీఎం దగ్గర నిలబెడతాం. పైగా వేగంగా వెళ్లే బండికి తగిలేంత గాలి మామూలు ఫ్యాను ఇవ్వదు. టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడిని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే మొదటి రన్ ముందు ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి. మళ్లీ ఆ దరిదాపులకు దిగేదాకా రెండో రన్ మొదలుపెట్టొద్దు. ఫ్యాక్టరీ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఉన్న బండికి రన్ రన్‌కూ పవర్ పడిపోతుంటే, నాక్ సెన్సర్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి లాగుతోందేమో లాగ్‌లో (రన్‌లో రికార్డయిన అంకెల్లో) చూడాలి. డైనోను తిట్టడం తర్వాత.

బండిని కట్టే పట్టీలు, కూలెంట్, ఆయిల్, పొగ బయటికి లాగే గొట్టం, మంటలార్పే సిలిండర్ ఎలాగూ చూస్తారు. ఇంధన ప్రెషర్‌ను మాత్రం చాలామంది లాగ్ చేయరు. ఫుల్ లోడులో అది జారిందంటే మిశ్రమం పలచబడుతుంది (గాలికి తగ్గ ఇంధనం అందదు), అప్పుడు మంచి పెట్రోలు పోసినా కాపాడదు.

మొదటి రన్ తక్కువ టైమింగ్‌తో, చిక్కటి మిశ్రమంతో చేయండి. ఫుల్ లోడులో టర్బో ఇంజన్‌కు లాంబ్డా (గాలి, ఇంధనాల పాళ్ల కొలత; సరిగ్గా సరిపోతే 1, చిక్కబడేకొద్దీ తగ్గుతుంది) 0.80 చుట్టుపక్కల, టర్బో లేనిదానికి 0.87 చుట్టుపక్కల పెట్టి మొదలెడతాను. తర్వాత టైమింగ్ ఒక్కో డిగ్రీ పెంచుతూ టార్క్ చూడాలి. మంచి ఆక్టేన్ ఉంటే ఒక దశలో డిగ్రీ పెంచినా టార్క్ కదలదు. ఇంక పెంచితే ఒరిగేదేమీ లేదు. తక్కువ ఆక్టేన్‌తో ఆ దశ రాకముందే నాకింగ్ మొదలవుతుంది. అలాంటప్పుడు నాక్ అయిన చోటి నుంచి రెండు మూడు డిగ్రీలు వెనక్కి తెచ్చి అక్కడే వదిలేస్తాను. "ఇంకో ఐదు హార్స్‌పవర్ రాదా అన్నా" అంటే రాదనే చెబుతాను.

సెన్సర్‌తో పాటు చెవి కూడా కావాలి. రాగి గొట్టం ఒక కొస చదును చేసి బ్లాక్‌కు బోల్టుతో బిగించి, రెండో కొసకు రబ్బరు పైపు తగిలించి చెవి మఫ్‌లలోకి తెచ్చుకుంటే చాలు. రేకు మీద సన్న మేకులు రాలినట్టు వినిపిస్తే వెంటనే థ్రాటిల్ వదిలేయండి. 86 మిల్లీమీటర్ల బోర్ ఉన్న ఇంజన్‌లో ఆ శబ్దం సుమారు 6.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. సెన్సర్ ఫిల్టర్‌ను అక్కడ పెట్టుకోండి.

అనుమానమొస్తే ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్గులు విప్పి భూతద్దం కింద పింగాణీని చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలుంటే నాకింగ్ మొదలైందని అనుమానించాలి. వెండిలా మెరిసే చుక్కలైతే అవి పిస్టన్ అల్యూమినియం. ఆ రోజుకు రన్లు అయిపోయినట్టే.

ఆక్టేన్ బూస్టర్ సీసా మీద "5 పాయింట్లు" అని ఉంటే చాలాసార్లు దానర్థం 0.5 ఆక్టేన్ మాత్రమే. సీసం కలిపిన రేస్ ఫ్యూయల్ లాంబ్డా సెన్సర్‌ను, పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్‌ను పాడుచేస్తుంది. ఈ85కు (85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం) ఆక్టేన్ బాగుంటుంది కానీ, పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోయే చోట దానికి 9.8 పాళ్లే. అంటే ఇంధనం చాలా ఎక్కువ పోయాలి, ఇంజెక్టర్లకు అంత సత్తా ఉందో లేదో ముందే లెక్క కట్టండి.

పని అయ్యాక మ్యాప్ (ఈసీయూలో పెట్టిన టైమింగ్, ఇంధనం లెక్కలు) ఏ ఇంధనానికి రాశారో ట్యాంకు మూత లోపల స్టిక్కరు అంటించండి. ఉత్త 95 అని కాకుండా, 95 ఆర్‌ఓఎన్ అని.