రిలీవర్ లేని డ్యూటీకి షిఫ్ట్ టైమ్ పెట్టుకోవడం ఎలా

వైజాగ్‌లో ఏ వీధికి వెళ్లినా స్టీల్ ప్లాంట్ మనిషి ఒకరైనా తగులుతారు. ఎ షిఫ్ట్ అంటే పొద్దున్న 6 నుంచి మధ్యాహ్నం 2. తర్వాతి షిఫ్ట్ అందుకునే రిలీవర్ రాగానే ఏది నడుస్తోంది, ఏది సగంలో ఆగింది లాగ్ బుక్‌లో రాసి, నోటితో కూడా ఓ మాట చెప్పి గేటు దాటేస్తారు. ఆ తర్వాత సంగతి అవతలివాడిది. రుషికొండ ఐటీ హిల్స్‌లోనో, ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్ దగ్గరో లాప్‌టాప్ ముందు కూర్చునే మనకి ఆ అవతలివాడు లేడు కాబట్టే, రాత్రి పదకొండైనా "ఈ ఒక్క మెయిల్" అవ్వదు.

సరే, రేపు పొద్దున్న కూర్చునే మీరే మీ రిలీవర్ అనుకోండి. ఆపాల్సిన టైమ్‌కి పావుగంట ముందు కొత్త పని ముట్టుకోకుండా నోట్‌బుక్ తీయండి. "జీఎస్టీ పని చూడాలి" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "ఆగస్టు ఎంట్రీలు అయ్యాయి, రెండు బిల్లుల్లో తేడా వస్తోంది, రేపు ముందు ఆ రెండే తియ్యాలి, తర్వాతే మెయిల్స్" అని రాస్తే, పొద్దున్న కాఫీ కప్పుతో కూర్చోగానే చెయ్యి దానంతటదే పనిలోకి వెళ్తుంది. సగంలో వదిలేసిన పని మనసుని లాగుతూనే ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. ఎక్కడ ఆపామో, మళ్లీ ఎక్కడ మొదలెట్టాలో రెండు ముక్కలు రాసి పెట్టుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని ఆమే తర్వాత తేల్చింది.

"గంటలు తగ్గిస్తే పని తగ్గదా?" అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో మందుగుండు తయారుచేసిన కార్మికుల లెక్కలు తీసి జాన్ పెన్కావెల్ అనే ఆర్థికవేత్త 2014లో చూస్తే, వారానికి 70 గంటలు చేసినప్పటి ఉత్పత్తి 56 గంటలప్పటి కంటే పెద్దగా ఎక్కువేం లేదు. మిషన్ ముందు నిలబడి చేసే పనికే అలా ఉంటే, బుర్రతో చేసే పని సంగతి మీరే ఆలోచించండి.

బుర్ర పెట్టాల్సిన పని పొద్దున్నే పెట్టుకోండి. మన ఊళ్లో మధ్యాహ్నం ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో, అన్నం తిన్నాక ఏం చేస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బిల్లులు కట్టడం, ఫైళ్లు సర్దడం లాంటివి అప్పటికి వదిలేయండి.

ఇక ఫోన్. బోర్లా పెట్టడం కాదు, పక్క గదిలో పెట్టండి. సైలెంట్‌లో ఉన్నా సరే, కళ్ల ముందుంటే ఆలోచన కొంత అటు పోతుందని 2017లో అమెరికాలో ఒక ప్రయోగం చెప్పింది. తర్వాత చేసినవాటిలో కొన్నింటికి అంత తేడా కనబడలేదు గానీ, లేచి వెళ్లాలంటే మనకుండే బద్ధకం మాత్రం గ్యారంటీగా పనిచేస్తుంది. ఇంటి నుంచి అర్జంట్ కాల్ వస్తుందేమోనన్న టెన్షన్ ఉంటే, డిస్టర్బ్ చేయొద్దు మోడ్‌లో అమ్మ, స్కూల్ నంబర్లు మాత్రం మోగేలా పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో అపార్ట్‌మెంట్ గ్రూప్‌ని శాశ్వతంగా మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. వాటర్ ట్యాంకర్ వచ్చిందో లేదో వాచ్‌మన్‌ని అడిగితే చెప్తాడు. చుట్టాల గ్రూప్‌తో జాగ్రత్త, దాన్నుంచి బయటికి రాకండి, గొడవలైపోతాయి. అత్తగారి గుడ్ మార్నింగ్‌కి దండం మధ్యాహ్నం భోజనం దగ్గర పెట్టినా చెల్లుతుంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లేటప్పుడు ఫోన్ ఇంట్లో వదిలేయండి, కానీ జేబులో నోట్లు పెట్టుకోవడం మర్చిపోవద్దు. మురీ మిక్స్చర్ బండి దగ్గర స్కానర్ చూసి "అయ్యో ఫోన్!" అనుకుంటే, మర్నాటి నుంచి అది మళ్లీ మీతోపాటే వస్తుంది.

అమెరికా వాళ్లతో రాత్రి 9 తర్వాత కాల్స్ ఉన్నవాళ్లకి ఇది కాస్త కష్టమే. మీరు రోజుని రెండు ముక్కలు చేసుకోండి. రాత్రి రెండు గంటలు పోతే సాయంత్రం 4 నుంచి 6 మీది, క్యాలెండర్‌లో ఆ టైమ్ బ్లాక్ చేసేయండి. మేనేజర్‌కి ఒక్కసారి చెప్పండి: "సార్, రాత్రి మెసేజ్‌లు పొద్దున్నే చూస్తాను, అర్జంట్ అయితే కాల్ చేయండి." చాట్‌లో అర్జంట్ అని టైప్ చేసినంత తేలిగ్గా ఎవరూ కాల్ చేయరు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారంలోనో, మార్చి నెలాఖరులోనో ఎక్కువ గంటలు చేయక తప్పదు, కాదనను. ఆ హడావిడి ఏ తేదీతో అయిపోతుందో మాత్రం మొదలవ్వకముందే ఆ నోట్‌బుక్‌లో రాసి, ఇంట్లోవాళ్లకి చెప్పేయండి. తేదీ దాటాక మీకంటే ముందు వాళ్లే అడుగుతారు.