హెచ్‌ఆర్‌వీ అంకెలు కలవడం లేదా? పరికరాన్ని తిట్టే ముందు బీట్లు చూడండి

వాచ్‌లో 62, చెస్ట్ స్ట్రాప్‌లో 38. ఏది నిజం? హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ, అంటే గుండె బీట్ల మధ్య సమయం ఎంత మారుతోందో చెప్పే అంకె) కొలిచే రెండు పరికరాలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లందరూ అడిగేది ఇదే. చాలాసార్లు రెండూ నిజమే. పరికరం పెట్టుకోవడం, యాప్‌తో కలపడం మీకు తెలుసనే అనుకుని నేరుగా విషయానికి వస్తాను.

రెండు పరికరాలు, రెండు అంకెలు

ముందు ఏది ఏ లెక్క చూపిస్తోందో చూడండి. దయచేసి ఈ ఒక్క పని మానకండి. యాపిల్ వాచ్ హెల్త్ యాప్‌లో చూపించేది ఎస్‌డీఎన్‌ఎన్. గార్మిన్, ఊరా, వూప్, ఫిట్‌బిట్ చూపించేది ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ. మొదటిది, బీట్ల మధ్య దూరాలన్నీ (అంటే మధ్య సమయాలన్నీ) సగటు నుంచి ఎంత చెదిరాయో చెబుతుంది. రెండోది, ఒక దూరానికీ దాని పక్క దూరానికీ ఎంత తేడా ఉందో చెబుతుంది. రెండిటికీ యూనిట్ మిల్లీసెకనే కాబట్టి ఒకటే అనుకుని పోల్చేస్తుంటారు. కొన్ని యాప్‌లైతే లాగరిథమ్ తీసి, దాన్ని వందకు మార్కుల్లాగా మార్చి చూపిస్తాయి. ఆ అంకెను దేనితోనూ పోల్చలేం.

లెక్క ఒకటే అయినా సమయం వేరు కావచ్చు. రింగ్ రాత్రంతటి సగటు ఇస్తుంది, స్ట్రాప్ పొద్దున రెండు నిమిషాలది ఇస్తుంది. రికార్డింగ్ ఎంత పొడవైతే ఎస్‌డీఎన్‌ఎన్ అంత పెరుగుతుంది. అందుకే 1996లో యూరప్, ఉత్తర అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో, వేర్వేరు నిడివి రికార్డింగులను పోల్చవద్దని స్పష్టంగా చెప్పారు. 5 నిమిషాలు, 24 గంటలు అని రెండు నిడివులూ సూచించారు.

పరిష్కారం: రెండు పరికరాలూ ఒకేసారి పెట్టుకోండి. కదలకుండా పడుకుని 5 నిమిషాలు, రెండిటిలోనూ ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ. ఇలా కొన్ని రోజులు చేసి, ఏ రోజుకారోజు తేడా ఎంతో రాసుకోండి. ఎప్పుడూ ఓ 5 ఎక్కువ చూపించే పరికరంతో ఇబ్బంది లేదు, మీ ట్రెండ్ మీకు దొరుకుతుంది. ఒక రోజు 3 తక్కువ, మర్నాడు 15 ఎక్కువ చూపించే దాన్ని నమ్మలేం. రెండు గీతలూ కలిసి పైకీ కిందికీ పోతున్నాయి కదా అని తృప్తి పడకండి, తేడా నిలకడగా ఉందో లేదో చూడండి.

ఉన్నట్టుండి హెచ్‌ఆర్‌వీ ఆకాశానికి ఎక్కింది

మనుషులను నిండా ముంచేది ఇదే. రోజూ 30 చుట్టూ తిరిగే ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ ఒక పొద్దున 110 చూపిస్తుంది. బాగా కోలుకున్నామని సంబరపడి ఆ రోజు కఠినమైన వ్యాయామం పెట్టుకుంటారు. పల్స్ మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చాలాసార్లు కారణం ఒకే ఒక్క తప్పు బీట్.

లెక్క వేసి చూడండి. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోంది, అసలు ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ 30. పరికరం ఒక బీట్‌ను పట్టుకోలేకపోయింది. అక్కడ 1000 మిల్లీసెకన్ల దూరాలు రెండు కలిసి 2000 అవుతాయి. పక్కవాటితో తేడా ఒకసారి వెయ్యి పైకి, ఒకసారి వెయ్యి కిందికి. ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీలో తేడాలను వర్గం చేస్తారు కాబట్టి ఈ రెండే మిగతా అన్నిటినీ మింగేస్తాయి. నిమిషం రికార్డింగ్‌లో 30 కాస్తా దాదాపు 188 అవుతుంది. 5 నిమిషాల రికార్డింగ్‌లో కూడా 87 దగ్గర తేలుతుంది. పల్స్ మాత్రం 60 బదులు 59 చూపిస్తుంది, అంతే.

కాబట్టి స్కోరు చూసి ఆగకండి. యాప్‌లో ఆర్‌ఆర్ దూరాల (బీట్‌కూ బీట్‌కూ మధ్య సమయాల) జాబితాను ఎగుమతి చేసే ఆప్షన్ ఉంటే ఆ ఫైల్ తెరవండి. మూడు రకాల తప్పులు కంటికే కనిపిస్తాయి.

985, 1010, 1996, 1004: ఒక బీట్ జారిపోయింది. కారణం దాదాపు ఎప్పుడూ ఎలక్ట్రోడ్ చర్మానికి సరిగ్గా ఆనకపోవడమే.

1002, 410, 585, 995: లేని బీట్‌ను లెక్కపెట్టింది. 410, 585 కలిపితే ఒక మామూలు దూరం వస్తుంది చూడండి. కండరం కదలిక, సింథటిక్ చొక్కా రాపిడికి పుట్టే స్టాటిక్, ఇలాంటివి కారణం.

998, 610, 1385, 1005: ముందుగా ఒక బీట్, తరువాత పొడవైన విరామం. ఇది పరికరం తప్పు కాకపోవచ్చు. గుండె నిజంగానే ఒక బీట్ ముందుగా కొట్టి ఉంటుంది, దీన్ని ఎక్టోపిక్ బీట్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అప్పుడప్పుడూ వస్తుంది. అయితే హెచ్‌ఆర్‌వీ లెక్కలో మాత్రం దీన్ని ఉంచకూడదు.

పరిష్కారం ఫిల్టర్, అంటే తప్పు బీట్లను పట్టుకుని దిద్దే ఏర్పాటు. చాలా యాప్‌లలో ఉంటుంది, కానీ ఎంత గట్టిగా పనిచేస్తుందన్నది యాప్‌ను బట్టి మారుతుంది. ఒకే స్ట్రాప్‌కు రెండు యాప్‌లు రెండు అంకెలు ఇవ్వడానికి ముఖ్య కారణం కూడా ఇదే. కూబియోస్ అనే హెచ్‌ఆర్‌వీ సాఫ్ట్‌వేర్‌లో, దూరం ఎంత తేడాగా ఉంటే తప్పని పట్టాలన్న హద్దు 0.45 సెకను నుంచి 0.05 సెకను దాకా మార్చుకోవచ్చు. మరీ బిగించేస్తే ఇంకో ప్రమాదం. ఊపిరి తీసినప్పుడు గుండె వేగం పెరగడం, వదిలినప్పుడు తగ్గడం సహజం. వయసులో ఉన్నవాళ్లలో, బాగా శిక్షణ పొందిన క్రీడాకారుల్లో ఆ ఊపు చాలా పెద్దగా ఉంటుంది. గట్టి ఫిల్టర్ దాన్ని కూడా తప్పనుకుని కత్తిరించేస్తుంది, మంచి హెచ్‌ఆర్‌వీ కాస్తా పేలవంగా కనిపిస్తుంది. తేలిక ఫిల్టర్‌తో మొదలుపెట్టి, అది దిద్దిన బీట్లను మీ కళ్లతో చూడండి. వందకు ఐదు కంటే ఎక్కువ దిద్దాల్సి వస్తే నేను ఆ రీడింగ్ పక్కన పడేసి మళ్లీ తీయమంటాను.

మూడో రకం వరుస తరచుగా కనిపిస్తున్నా, దూరాల్లో అసలు పద్ధతే లేకపోయినా ఫిల్టర్లతో కుస్తీ పట్టకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నప్పుడు హెచ్‌ఆర్‌వీ చాలా ఎక్కువగా కనిపిస్తుంది, అది కోలుకున్నదానికి గుర్తు కానే కాదు.

స్ట్రాప్ రీడింగ్ తెగిపోతోంది

ఎలక్ట్రోడ్లు తడపండి. కొంచెం కాదు, బాగా. పట్టీ బిగించండి. చెమట ఉప్పు పేరుకుపోయి ఉంటే కడగండి. ఆ తరువాత బ్యాటరీ మార్చండి. ఇవన్నీ చేశాకే కొత్త స్ట్రాప్ సంగతి. ఇంకొకటి: మీ స్ట్రాప్ ఆర్‌ఆర్ దూరాలు పంపుతోందో లేదో చూసుకోండి. నిమిషానికి ఇన్ని అని పల్స్ మాత్రమే పంపితే దాని నుంచి హెచ్‌ఆర్‌వీ తీయడం కుదరదు.

వాచ్, రింగ్ రాత్రి బాగున్నాయి, పగలు పిచ్చి అంకెలు

అది వాటి స్వభావం. అవి గుండె విద్యుత్తును కాదు, వెలుతురుతో రక్తం పొంగును చూస్తాయి. ఈసీజీలో బీట్ కొన సూదిలా ఉంటుంది. పల్స్ అల గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని శిఖరాన్ని కచ్చితంగా పట్టుకోవడం కష్టం. నిద్రలో, కదలకుండా ఉన్నప్పుడు స్ట్రాప్‌కు చాలా దగ్గరగా వస్తాయి. చెయ్యి కదిలినా, వేళ్లు చల్లబడినా, పట్టీ వదులైనా చెడిపోతాయి. పగటి అంకెలు వదిలేసి రాత్రివే చూడండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా రోజుకో అంకె

ఊపిరి గమనించండి. నిమిషానికి ఆరు సార్ల దాకా ఊపిరి నెమ్మదిస్తే బీట్ల ఊపు బాగా పెరుగుతుంది, ఎస్‌డీఎన్‌ఎన్‌లో అది మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఒకరోజు ధ్యానం చేస్తున్నట్టు, ఇంకోరోజు టెన్షన్‌గా ఫోన్ చూస్తూ తీస్తే పోలిక ఉండదు. పడుకుని తీసేవాళ్లు రోజూ పడుకునే తీయండి.

ఫర్మ్‌వేర్ లోపం, బ్లూటూత్ అంతరాయం, సెన్సర్ పాడవడం కూడా ఉంటాయి కానీ అరుదు. ఒకసారి అప్‌డేట్ చేసి చూడండి. అయినా అదే తీరైతే ఆర్‌ఆర్ ఫైల్ జతచేసి కంపెనీకి రాయండి. ఏ బీట్ దగ్గర తప్పు జరిగిందో చూపించగలిగితే వాళ్లకూ పని తేలికవుతుంది.