స్థలం బేరం నేర్చుకుందాం – 4: రేటు చెప్పొచ్చు, సర్టిఫికెట్ ఇవ్వకూడదు

పోయిన పాఠంలో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, చదవడం నేర్చుకున్నాం. ఒకే అమ్మకానికి అందులో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ప్రభుత్వ లెక్క ప్రకారం మార్కెట్ విలువ, రెండోది దస్తావేజులో రాసుకున్న ప్రతిఫలం. ఈ రెండూ కాక మూడో అంకె ఒకటి ఉంటుంది. అది నిజంగా చేతులు మారిన సొమ్ము. చాలా అమ్మకాల్లో అది కాగితం మీదికి రాదు, బేరంలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. జనం మనలాంటి స్థలాల ఏజెంట్ల దగ్గరికి వచ్చేది ఆ మూడో అంకె కోసమే.

"అన్నా, తిరుపతి పక్కన అవిలాల దగ్గర మాకో బిట్టు ఉంది. అంకణం ఎంత పోతుంది?"

దీనికి జవాబు చెప్పే హక్కు మనకుందా? ఉంది. ఫలానా స్థలం ఇంత పలకొచ్చని ఏజెంటు తన అభిప్రాయం చెప్పకూడదని మన చట్టాలేవీ అనవు. ఆ మాట ఎవరి చేతికి, ఏ పేరుతో, దేనికోసం వెళ్తుందన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఈ పాఠంలో ముందు అభిప్రాయం ఎలా కట్టాలో చూద్దాం, తర్వాత దాన్ని ఎక్కడ ఆపాలో చూద్దాం.

నోరు విప్పే ముందు కొలత తేల్చుకోండి. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలు. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి కలిశాయి. అటువైపు మనిషి ఫోన్లో "అంకణం ఇంత" అంటే, ఏ అంకణమని అడక్కుండా జవాబిచ్చారో, చెప్పిన రేటు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. గజాల్లోకి మార్చి మాట్లాడితే ఈ గొడవే ఉండదు.

కొలత తర్వాత చూడాల్సింది 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల పట్టిక. దేవాదాయ భూములు, మఠం భూములు, ప్రభుత్వ భూములు మన చుట్టుపక్కల తక్కువేం కాదు. నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబరుకు రేటు చెప్పడమంటే రిజిస్ట్రేషన్ కాని దానికి ధర కట్టడమే. డి.కె.టి. పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమైతే అమ్మడానికి వీలుందో లేదో తేలేదాకా అంకె ఎత్తొద్దు. "ఊరికే అడుగుతున్నాలే" అన్నా సరే. ఊరికే అడిగినవాళ్లే మరుసటి వారం అడ్వాన్సు తీసుకుని వస్తారు.

ఇక లెక్క. ఇవి నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలు. వీటిని పట్టుకుని బేరానికి వెళ్లకండి. మన బిట్టు 60 అంకణాలు, తూర్పు ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఅవుట్ అనుకుందాం. ఈ మధ్య పక్కన మూడు అమ్మకాలు జరిగాయి. మొదటిది అదే లేఅవుట్‌లో దక్షిణ ముఖం బిట్టు, అంకణం 80 వేలు. రెండోది 40 అడుగుల రోడ్డు మీద కార్నర్ బిట్టు, 92 వేలు. మూడోది అచ్చం మన బిట్టు లాంటిదే, కానీ ఆసుపత్రి ఖర్చులకని తొందరలో అమ్ముకున్నారు, 70 వేలకే పోయింది.

మొదటిదాని కంటే మనది ముఖంలో మెరుగు, 5 శాతం కలిపితే 84 వేలు. రెండోదానికి ఉన్న కార్నరు, పెద్ద రోడ్డు మనకు లేవు, 10 శాతం తీస్తే 82,800. మూడోదాన్ని చాలామంది పక్కన పడేస్తారు. నేను పడెయ్యను. తొందర అమ్మకమని 12 శాతం కలుపుతాను, 78,400 వస్తుంది. మొదటి రెండే పెట్టుకుంటే తేడా 1,200 రూపాయలే కనిపిస్తుంది. అంత కచ్చితంగా మార్కెట్ ఎప్పుడూ ఉండదు, అది చూసి మనకు లేనిపోని ధీమా వస్తుంది. కాబట్టి అంకణం 78 వేల నుంచి 84 వేలు. మొత్తం బిట్టుకు 46 లక్షల 80 వేల నుంచి 50 లక్షల 40 వేల దాకా. ఒకే అంకె చెప్పమని ఎంత గుచ్చి అడిగినా ఈ రెండంకెలే చెప్పండి.

ఈ శాతాలు ఎక్కడి నుంచి వచ్చాయంటారా? మీ ఏరియాలో మీరు చూసిన అమ్మకాల నుంచే. ముఖానికి తిరుచానూరు రోడ్డులో ఇచ్చే విలువ కరకంబాడి రోడ్డులో ఇవ్వకపోవచ్చు. ఏ సర్దుబాటు ఎందుకు చేశారో పక్కన రాసుకోండి. ఎవరైనా నిలదీస్తే ఆ కాగితమే మీకు అండ.

ఇప్పుడు అసలు సంగతి. రెండు రోజుల తర్వాత అదే మనిషి మళ్లీ వస్తాడు. "అదే రేటు లెటర్‌హెడ్ మీద రాసివ్వన్నా, బ్యాంకులో లోనుకు పెట్టాలి." ఇక్కడ ఆగాలి. బ్యాంకు లోనుకు విలువ కట్టేది బ్యాంకు తన ప్యానెల్లో పెట్టుకున్న వాల్యుయర్. ఆ ఆస్తితో అతనికి లాభాపేక్ష ఉండకూడదు. మనకు బేరం కుదిరితే కమీషన్ వస్తుంది, రేటు పెరిగితే కమీషనూ పెరుగుతుంది. అలాంటివాళ్లం తటస్థులమని ఎలా చెప్పుకుంటాం? అమెరికాలో బ్రోకర్లు రాతపూర్వకంగా ధర అభిప్రాయం ఇవ్వడం మామూలే. అక్కడ కూడా ఉండేందుకు ఇల్లు కొనే లోనుకు దాన్ని ప్రధాన ఆధారంగా తీసుకోకూడదని 2010లోనే చట్టం చేశారు.

కంపెనీల చట్టం కింద విలువ కట్టాల్సి వస్తే 247వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ వాల్యుయరే కట్టాలి. దానికి 2017 నాటి నిబంధనలున్నాయి. చదువు, అనుభవం, పరీక్ష, ఐబీబీఐ (కేంద్ర దివాలా వ్యవహారాల బోర్డు) దగ్గర రిజిస్ట్రేషన్ అన్నీ కావాలి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న స్థలం అమ్మి క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకం లాభం మీద పన్ను) లెక్క వేసుకునేవాళ్లు ఆ తేదీ నాటి విలువ అడుగుతారు. వాళ్లనూ వాల్యుయర్ దగ్గరికే పంపండి. పిల్లల్ని అమెరికా చదువుకు పంపుతూ వీసా ఫైల్లో ఆస్తి విలువ చూపించాలనుకునే తల్లిదండ్రులనూ అంతే. అన్నదమ్ముల పంపకం కోర్టుకెక్కితే అక్కడ నిపుణుడి అభిప్రాయానికి వేరే దారి ఉంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్ చెప్పేది అదే.

మరి ఏమీ రాసివ్వకూడదా? అమ్మేవాడు ఎంత చెప్పాలో, కొనేవాడు ఎంత దాకా వెళ్లాలో తేల్చుకోవడానికైతే రాసివ్వొచ్చు. నేనైతే ఇలా రాస్తాను:

"ధర అభిప్రాయం. అడిగినవారు: స్థలం యజమాని. అవసరం: అమ్మకానికి ధర నిర్ణయించుకోవడం. ఆధారం: ఈ లేఅవుట్‌లో, పక్కన జరిగిన మూడు అమ్మకాలు (వివరాలు వెనుక వైపు). నా అంచనా: అంకణం 78 వేల నుంచి 84 వేలు (అంకణం 36 చదరపు అడుగులు). ఈ అమ్మకం నా ద్వారా జరిగితే నాకు కమీషన్ వస్తుంది. ఇది వాల్యుయేషన్ రిపోర్టు కాదు. బ్యాంకు రుణానికి, పన్నులకు, కోర్టుకు వాడరాదు. తేదీ నుంచి మూడు నెలల తర్వాత ఈ అంచనా చెల్లదు."

కింద పేరు, తేదీ, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ఏజెంటుగా రిజిస్టరైన నంబరు ఉంటే అదీ. గుండ్రటి స్టాంపు వెయ్యకండి. స్టాంపు చూడగానే మనవాళ్లు దాన్ని ప్రభుత్వ కాగితం అనుకుంటారు. కమీషన్ వాక్యం చూసి చాలామంది ఏజెంట్లు ముఖం చిట్లిస్తారు. నా దృష్టిలో ఆ కాగితంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

ఎందుకంటే ఈ పనిలో పెద్ద ప్రమాదం రాతలో లేదు, నోటిమాటలోనే ఉంది. ఊళ్లో లేని యజమానికి "అంకణం 60 కంటే రాదు సార్" అని చెప్పి, అదే బిట్టును బామ్మర్ది పేరుతో కొని, తర్వాత 80కి అమ్ముకునే పద్ధతి మనకు తెలియంది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే దీనికి మందుంది. ఏజెంటు ముఖ్యమైన సంగతి దాచిపెట్టి తనకోసం బేరం చేసుకుంటే 215వ సెక్షన్ కింద యజమాని ఆ లావాదేవీని తిరస్కరించొచ్చు. 216వ సెక్షన్ కింద ఏజెంటుకు వచ్చిన లాభాన్ని అడిగి తీసుకోవచ్చు. మోసం చేసే ఉద్దేశం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షనూ ఉంది, పాత 420కి వారసుడు.

రెరా ప్రాజెక్టుల్లో ఇంకొంచెం బిగువు. రిజిస్ట్రేషన్ కావాల్సి ఉండీ చేయించని వెంచర్‌లో ఏజెంటు అమ్మకమే చేయించకూడదు. తను రిజిస్టర్ కాకుండా బేరాలు చేయిస్తే రోజుకు 10 వేల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. తప్పుదారి పట్టించే ప్రకటనలనూ 10వ సెక్షన్ ఒప్పుకోదు. "రెండేళ్లలో డబుల్ గ్యారంటీ" అనేది అభిప్రాయం కాదు, హామీ. రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గరని చెప్పడం వరకు ఫర్వాలేదు, ఎన్ని కిలోమీటర్లో నిజం చెబితే.

వచ్చే పాఠానికి హోంవర్క్: మీ వీధిలో ఏడాది లోపల జరిగిన మూడు అమ్మకాలు పట్టుకోండి. ఈసీలో రెండు అంకెలు, మీరు విన్న మూడో అంకె పక్కపక్కనే రాయండి. మూడోది ఎవరు చెప్పారో, వాళ్లకు ఆ బేరంలో ఏం సంబంధమో కూడా రాయండి. అమ్మినవాడు కాస్త పెంచి చెబుతాడు, కొన్నవాడు కాస్త తగ్గించి చెబుతాడు, మధ్యవర్తి ఎవరు అడిగారో చూసి చెబుతాడు. ఆ పట్టికతోనే అయిదో పాఠంలో పాత ఇల్లున్న స్థలానికి కట్టడం విలువ వేరుగా తీయడం మొదలుపెడదాం.