రాలిన ఈకలతో రోగనిరోధక జన్యు వైవిధ్యాన్ని లెక్కించే విధానం

గుంటూరుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఒకే చెట్టు మీద రెక్కకు రెక్క తగిలేంత దగ్గరగా గూళ్ళు కట్టుకుంటాయి. ఇంత ఇరుకైన కొలువులో ఒక పక్షికి సోకిన రోగం గుంపునంతటినీ తుడిచిపెట్టకుండా ఆపగలిగే అంశాలలో ఎం.హెచ్.సి. (మేజర్ హిస్టోకంపాటిబిలిటీ కాంప్లెక్స్) అనే రోగనిరోధక జన్యువుల వైవిధ్యం ఒకటి. ఈ జన్యువులు తయారుచేసే అణువులు రోగకారక జీవుల ప్రోటీన్ ముక్కలను పట్టి రక్షక కణాలకు చూపిస్తాయి. ఒక్కొక్క జన్యు రూపం ఒక్కొక్క రకం ముక్కలను పడుతుంది కనుక, రూపాలు ఎక్కువైన కొద్దీ గుంపు గుర్తించగల రోగాలూ పెరుగుతాయి. జంతుశాస్త్రం చదివే విద్యార్థులు ఈ వైవిధ్యాన్ని పక్షిని పట్టకుండానే, రాలిన ఈకలతో అధ్యయనం చేయవచ్చు.

ముందుగా అనుమతి తీసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల ఈకలకూ వర్తిస్తుంది కనుక, కళాశాల ద్వారా అటవీశాఖకు దరఖాస్తు చేసి లిఖితపూర్వక అనుమతి వచ్చాకే చెరువు గట్టున అడుగు పెట్టండి. గూళ్ళ కింద తిరగవద్దు. పెద్ద పక్షి బెదిరి లేచిన క్షణంలోనే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి.

ఉదయాన్నే, తాజాగా రాలిన పొడి ఈకలనే చేతి తొడుగులు, మాస్కు ధరించి ఏరండి. నీటిలో నానినవాటిలో, రోజుల తరబడి ఎండలో పడి ఉన్నవాటిలో డి.ఎన్.ఏ. చాలావరకు శిథిలమై ఉంటుంది. ఒక్కొక్క ఈకను వేరువేరు కాగితపు కవరులో ఉంచి, తేదీ, చోటు, జాతి రాసి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో భద్రపరచండి. మన కృష్ణాతీరపు ఉక్కపోతలో ప్లాస్టిక్ సంచి వాడితే ఈకకు బూజు పట్టడం ఖాయం.

ప్రయోగశాలలో చర్మంలో నాటుకుని ఉండే ఈక మొదటి కొనను మాత్రమే కత్తిరించడం చాలామంది చేసే పొరపాటు. కాడకు ఇరువైపులా ఈనెలు మొదలయ్యే చోట ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ ఎండిపోయిన రక్తపు గడ్డ నుంచి తరచుగా మరింత మంచి డి.ఎన్.ఏ. లభిస్తుంది. పక్షుల ఎర్ర రక్తకణాలలో కేంద్రకం ఉండటమే ఇందుకు కారణం. ఈక కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిర్మితమైనది కనుక, దానిని కరిగించేటప్పుడు ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము ప్రోటీనేజ్-కె తోపాటు, కెరాటిన్‌లోని గంధక బంధాలను తెంచే రసాయనం డి.టి.టి. కూడా చేర్చాలి.

ఆపైన ఒక గూటి పిల్లలన్నీ తోబుట్టువులేనని, ఒకే పక్షి పది ఈకలు రాల్చగలదని మరువవద్దు. అందుచేత ముందు మైక్రోశాటిలైట్లతో (చిన్న వరుస పదేపదే వచ్చే, పక్షికీ పక్షికీ పొడవు మారే డి.ఎన్.ఏ. భాగాలతో) ఏ ఈక ఏ పక్షిదో తేల్చుకుని, పునరావృతాలను తొలగించి, ఆ తరువాతే ఎం.హెచ్.సి. రెండవ తరగతి బీటా జన్యువులోని రెండవ ఎక్సాన్‌ను (ప్రోటీన్‌కు సంకేతమిచ్చే భాగాన్ని) పి.సి.ఆర్. ద్వారా, అంటే డి.ఎన్.ఏ. ముక్కకు లక్షల నకళ్ళు తీసే పద్ధతి ద్వారా పెంచి, దాని క్షారాల వరుసను చదివే సీక్వెన్సింగ్‌కు పంపండి. ప్రోటీన్ ముక్కలను పట్టే భాగంలో ఎక్కువ మార్పులు కనిపించే చోటు అదే.

అసలు కష్టం లెక్కలో ఉంది. కోడిలో ఎం.హెచ్.సి. జన్యువులుండే బి-లోకస్ దాదాపు 92 వేల క్షారాల పొడవులో 19 జన్యువులు మాత్రమే ఉన్న పొందికైన నిర్మాణం. పిచ్చుక వంటి పాటపక్షులలోనైతే ఈ జన్యువులు పదేపదే ప్రతులుగా పెరిగాయి. పి.సి.ఆర్.ను మొదలుపెట్టే చిన్న డి.ఎన్.ఏ. ముక్క అయిన ప్రైమర్ ఒక్కటే అనేక ప్రతులను ఒకేసారి పెంచుతుంది కనుక ఏ రూపం ఏ ప్రతికి చెందినదో చెప్పలేము, విషమయుగ్మజతను (ఒకే జన్యువుకు తల్లి, తండ్రి నుంచి వేరువేరు రూపాలు రావడాన్ని) సూటిగా గణించలేము. అటువంటప్పుడు పక్షికి ఎన్ని రూపాలున్నాయో లెక్కించి, వాటి అమైనో ఆమ్లాల తేడాను కొలవడమే సరైన పద్ధతి. ఒక్కో ప్రతికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు రూపాలకు మించవు కనుక, ఒక పక్షిలో ఆరు రూపాలు కనిపిస్తే కనీసం మూడు ప్రతులు ఉన్నట్టే. పి.సి.ఆర్.లో రెండు రూపాల ముక్కలు అతుక్కుని బూటకపు వరుసలు పుడతాయి కనుక, ప్రతి నమూనాను రెండుసార్లు విడివిడిగా పెంచి, రెండింటిలోనూ కనిపించిన రూపాన్నే స్వీకరించండి. తొలి ప్రయత్నానికి పిచ్చుకకన్నా, పాటపక్షి కాని గూడబాతునే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

చివరగా ఎం.హెచ్.సి. ఫలితాన్ని, సాధారణంగా రోగనిరోధకతతో సంబంధం లేని మైక్రోశాటిలైట్ల వైవిధ్యం పక్కన పెట్టి చూడండి. రెండూ తక్కువగా ఉంటే గుంపు ఒకప్పుడు బాగా కుంచించుకుపోయి ఉండవచ్చు. మైక్రోశాటిలైట్లు తక్కువగా, ఎం.హెచ్.సి. మాత్రం ఎక్కువగా ఉంటే రోగాల ఒత్తిడే ఆ రూపాలను కాపాడుతున్నదని అనుమానించవచ్చు.